వద్దనగలిగే నాల్బంద్

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు గుర్రాలు పెంచుకునే మన తెలుగువాళ్లం ఒకరికొకరం ఫోను చేసుకుంటే, పెళ్లి ఊరేగింపుల బేరాల తర్వాత మాట మళ్లేది గిట్టలకు లాడాలు కొట్టే నాల్బంద్ మీదికే. ఎవరితో లాడాలు కొట్టిస్తున్నారు, ఎంత తీసుకుంటున్నాడు, చెప్పిన రోజుకు వస్తున్నాడా, చేయి మంచిదేనా? మా ఇంట్లో ఊరేగింపులకు పంపే ఆడగుర్రాలు ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్నలు నా దగ్గరికీ వస్తుంటాయి. నేను తిరిగి ఒకటే అడుగుతాను: ఆ మనిషి ఎప్పుడైనా, ఎవరికైనా, "ఈ రోజు లాడం కొట్టను" అని చెప్పి వెళ్లిపోయాడా? అలాంటి రోజు ఒకటైనా ఉందంటే ఆయన నంబరు నాకూ ఇవ్వమంటాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎవరికీ కాదనలేదంటే ఆయన చేయి ఎంత మంచిదైనా నా గుర్రం కాలు ఆయన చేతిలో పెట్టను.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే గిట్ట ఎలా పెరుగుతుందో తెలియాలి. బయటికి కనిపించే గిట్ట గోడ మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే తయారవుతుంది. వెంట్రుకలు ఆగిపోయే పై అంచు దగ్గర పుట్టి, నెలకు సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. గిట్ట ముందు భాగంలో పై నుంచి నేల దాకా కొత్త గోడ రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. అంటే ఈ మార్గశిరంలో ఎవరో తొందరపడి ఆకురాయితో అతిగా అరగదీస్తే, ఆ గుర్రం మాఘం పెళ్లిళ్లూ వైశాఖం పెళ్లిళ్లూ ఆ కాళ్లతోనే తిరగాలి. ఆ గోడ మందం ముందు భాగంలో ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది, పక్కలకు వెళ్లేకొద్దీ ఇంకా పలచబడుతుంది. దాని లోపల రక్తనాళాలూ నరాలూ నిండిన సున్నితమైన పొర, ఆ లోపల ఎముక. మేకు పట్టాల్సింది ఆ సెంటీమీటరులోనే.

లాడం మేకు మామూలు మేకు కాదని గుర్రాలు లేనివాళ్లకు తెలియకపోవచ్చు. దాని కొన ఒక వైపు ఏటవాలుగా ఉంటుంది. సరైన వైపు పెట్టి కొడితే గోడలో కాస్త దూరం వెళ్లి బయటికి వంగి, లాడానికి సుమారు 2 సెంటీమీటర్ల ఎత్తున బయటపడుతుంది. తిప్పి పెట్టి కొడితే లోపలికి వంగుతుంది. అలా వంగిన మేకు సున్నితమైన పొరను గుచ్చితే గుర్రం అక్కడికక్కడే కాలు లాక్కుంటుంది, ఒక్కోసారి రక్తం కనిపిస్తుంది. గుచ్చకుండా దగ్గరగా వెళ్లి నొక్కుతూ ఉండిపోతే ఆ రోజు ఏమీ తెలియదు. రెండు మూడు రోజులకు గిట్ట వేడెక్కి కుంటడం మొదలవుతుంది. అప్పటికి నాల్బంద్ డబ్బు తీసుకుని ఇంకో ఊరికి పోయి ఉంటాడు. పైగా ధనుర్వాతం విషయంలో గుర్రమంత బలహీనమైన పెంపుడు జంతువు ఇంకొకటి లేదు. తుప్పు, పేడ, మట్టి ఉన్న చోట ఒక మేకు గాయం చాలు. టీకా వేయించి ఉంచడం మన బాధ్యత. గాయమైనప్పుడు దాచకుండా చెప్పడం నాల్బంద్ బాధ్యత.

అందుకే నేను సుత్తి పట్టుకున్న చేయి కంటే ముందు నోరు చూస్తాను. మా నాల్బంద్ చాచా (పేరు రాయను, ఆయనకు ఇష్టముండదు) మేకు కొడుతున్నప్పుడు మాట్లాడడు, మమ్మల్ని మాట్లాడనివ్వడు. గట్టి గోడలో దిగే మేకుకు ఒక శబ్దం ఉంటుంది, మెత్తని చోటికి దారి తప్పిన మేకుకు ఇంకో శబ్దం ఉంటుంది. ఆయన ఆ తేడా వింటాడు. అనుమానం వస్తే మేకు బయటికి లాగి, దాని కొన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తడి ఉందేమో వేలితో తడిమి చూపిస్తాడు. "ఇక్కడ దగ్గరగా వెళ్లింది. ఈ రంధ్రం వదిలేస్తున్నాను. మూడు రోజులు కాలు పట్టి చూస్తూ ఉండు బేటా" అంటాడు. తన చేతిలో జరిగిన దాన్ని తనే చెప్పే మనిషి దొరకడం ఈ పనిలో చాలా అరుదు. చాలామంది ఆ రంధ్రంలోకే మేకును మళ్లీ కొట్టి పైన ఆకురాయి పెట్టి నున్నగా చేసేస్తారు.

ఆయన కాదన్న రోజుల్లో ఒకటి చెబుతాను. దెగ్లూర్‌లో పెళ్లి. వరుడి తరఫువాళ్లు నెల ముందే బయానా (అడ్వాన్సు) ఇచ్చారు. ముందు రోజు సాయంత్రం లాడాలు మార్చడానికి చాచా వచ్చాడు. సంచి దించకుండానే గుర్రాన్ని సిమెంటు మీద నడిపించమన్నాడు. మలుపు తిరిగేటప్పుడు అది ముందు కాళ్లు జాగ్రత్తగా పెట్టడం చూశాడు. గిట్టల మీద అరచేయి పెట్టి కాసేపు ఉంచాడు. గిట్ట పైనున్న కీలు వెనక రెండు వేళ్లతో నాడి వెతికి, నా వేళ్లు పట్టుకుని అక్కడే పెట్టాడు. మామూలుగా దొరకడమే కష్టమైన నాడి అప్పుడు వేళ్లకు కొట్టుకుంటోంది. అంతకుముందు జరిగిన ఊరేగింపులో ఎవరో ప్రేమతో బెల్లం, నానబెట్టిన శనగలు దోసిళ్లకొద్దీ తినిపించారని మా గుర్రం పట్టుకునే కుర్రాడు అప్పుడు చెప్పాడు. "ఈ కాలుకు ఇవాళ సుత్తి తగలకూడదు. డాక్టరు సాహెబును పిలవండి. రేపు దీన్ని పంపితే మళ్లీ నన్ను పిలవకండి" అన్నాడు చాచా.

మా అన్నయ్యకు కోపం వచ్చింది. బయానా తిరిగి ఇవ్వాలి, మాట పోతుంది, పైగా వేరే గుర్రం ఆ రాత్రికి ఎక్కడ దొరుకుతుంది? ఆ కోపం న్యాయమైనదే. కానీ వచ్చిన పశువైద్యుడు చెప్పింది కూడా అదే: గిట్ట లోపల గోడను ఎముకకు పట్టి ఉంచే పొరలు వాచాయి. ఒక్కసారిగా ధాన్యం, తీపి ఎక్కువైతే వచ్చే జబ్బు ఇది. అలాంటి కాలితో బ్యాండు ముందు గంటల తరబడి నిలబెట్టి, తారు రోడ్డు మీద ఆడిస్తే ఆ పొరలు విడిపోయి లోపలి ఎముక కిందికి తిరిగిపోతుంది. అది జరిగిన గుర్రం మళ్లీ మునుపటిలా నడవడం కష్టం. దాణా ఆపి, చల్లని నీళ్లలో కాళ్లు ఉంచి, మెత్తని నేల మీద కట్టేయమన్నారు. తొలి దశలోనే పట్టుకున్నాం కాబట్టి గుర్రం నిలబడింది. ఆ సాయంత్రం చాచా నోరు మూసుకుని లాడాలు కొట్టి ఉంటే ఆయనకు పూర్తి కూలి వచ్చేది, మర్నాడు పెళ్లీ జరిగిపోయేది, తర్వాత గుర్రానికి ఏమైనా ఆయన మీద ఎవరూ మాట పెట్టేవారు కాదు. ఈ చివరి సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆయన మౌనంగా ఉండటం వల్ల ఆయనకు పోయేదేమీ లేదు. నోరు విప్పడం వల్ల పోయింది ఆ పూట సంపాదన.

జబ్బుపడిన, గాయపడిన జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం నేరం. చాచాకు ఆ చట్టం పేరు తెలియదు. మనకు తెలిసి ఉండాలి.

ఇంకో రకం కాదనడం ఉంది. అది ఇంత నాటకీయంగా ఉండదు కనుక చాలామంది గమనించరు. ఆషాఢం వచ్చాక మన దగ్గర పెళ్లిళ్లు ఆగిపోతాయి, మళ్లీ తులసి పెళ్లి అయ్యేదాకా బేరాలు ఉండవు. గోదావరి, మంజీర మధ్య ఉన్న ఈ నల్లరేగడి సంగతి తెలిసిందే. వాన పడితే లాడాన్ని కూడా పీకేసుకునేంత జిగట. పనీ లేదు, గట్టి రోడ్డూ లేదు, మరి లాడం ఎందుకు? "తీసేద్దాం, నాలుగు నెలలు గిట్ట ఊపిరి తీసుకోనీ. గుండ్రంగా కోసి పెడతాను, అంతే" అంటాడు చాచా. మేకు రంధ్రాలు పడిన గోడ కిందికి దిగి అరిగిపోతుంది, మడమలు కాస్త విచ్చుకుంటాయి. అడుగున మధ్యలో ఉండే మెత్తని ముక్కోణానికి మళ్లీ నేల తగులుతుంది. అయితే ఆ నెలల్లో రోజూ గిట్ట శుభ్రం చేయకపోతే ఆ ముక్కోణం పక్కన గాడిలో నల్లగా కుళ్లు పట్టి కంపు కొడుతుంది. ఆ పని మనదే. ప్రతి 6 నుంచి 8 వారాలకు లాడాలు మారిస్తే తనకు వచ్చే డబ్బును తనే వదులుకుంటున్న మనిషి సలహా కంటే నమ్మదగిన సలహా నాకు తెలియదు.

ఇప్పుడు అందరూ నమ్మకానికి గుర్తులుగా చెప్పే మాటల గురించి. "వాళ్ల తాత నిజాం కాలంలో రిసాలా (అశ్వదళం) గుర్రాలకు లాడాలు కొట్టాడు" అంటారు. 1956 దాకా మన నాందేడ్ హైదరాబాద్ రాజ్యంలోనే ఉంది కాబట్టి ఈ మాట అనడం సులువు, కాదని నిరూపించడం కష్టం. తాతల చేయి మనవడికి రావచ్చు, రాకపోవచ్చు. నేను చూసేది మనవడు కొట్టిన లాడం. "అయిదు నిమిషాల్లో కాలు పూర్తి చేస్తాడు" అంటారు. అయిదు నిమిషాల్లో నడక చూడటం, పాత లాడం చదవడం, గిట్ట సమం చేయడం అన్నీ ఎక్కడ కుదురుతాయి? "ఎంత పొగరు గుర్రమైనా ఆయన చేతిలో కిక్కురుమనదు" అనే మాట నాకు అన్నిటికంటే ఎక్కువ భయం పుట్టిస్తుంది. పై పెదవికి తాడు బిగించి, చెవి మెలిపెట్టి నిలబెట్టిన గుర్రం శాంతంగా కనిపిస్తుంది. అది మరుసటిసారి సుత్తి చప్పుడు వినగానే వణుకుతుంది. లొంగదీయడం వేరు, నిలబడేలా చేయడం వేరు.

ఇక్కడే మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. మనకు దొరికే నాల్బంద్‌లలో చాలామంది ప్రధానంగా ఎద్దులకు లాడాలు కొట్టేవాళ్లు. చెరకు బండ్ల ఎద్దులు రోడ్డు మీద మైళ్లు నడుస్తాయి కాబట్టి ఆ పనికి గిరాకీ ఉంది. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ ఎద్దు గిట్ట చీలి ఉంటుంది, ఒక్కో కాలికి రెండు పలకలు కావాలి, దాన్ని తాళ్లతో పడగొట్టి కాళ్లు కట్టి కొడతారు. గుర్రానిది ఒకటే గిట్ట. బరువు పడినప్పుడల్లా దాని మడమ భాగం కొద్దిగా విచ్చుకుని, కాలు లేపగానే దగ్గరవుతుంది. అందుకే గిట్ట అన్నిటికంటే వెడల్పుగా ఉండే చోటు దాటి వెనక్కి మేకులు కొట్టకూడదు. కొడితే ఆ కదలిక ఆగిపోయి మడమలు ఏడాదికేడాది ముడుచుకుపోతాయి. ఎద్దుల పని మీద చేయి తిరిగినవాడికి ఈ విషయం చెప్పకపోతే తెలియకపోవచ్చు. గుర్రాన్ని పడగొట్టి లాడం కొడతానన్న మనిషిని మాత్రం గేటు బయటి నుంచే పంపించేయండి. వెన్నుకో తొడకో దెబ్బ తగిలితే బాగుచేసేవాళ్లు నాందేడ్‌లోనే కాదు, ఎక్కడా సులువుగా దొరకరు.

మాళేగావ్ యాత్ర గురించి చెప్పకుండా ఉండలేను. లోహా తాలూకాలో ఖండోబా దేవుడి సన్నిధిలో మార్గశిర బహుళ చతుర్దశికి మొదలయ్యే ఆ జాతరకు గుర్రాలు, గాడిదలు, ఒంటెలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. మార్వాడీ, కాఠియావాడీ, భీమా నది తీరాల భీమథడి, అన్ని జాతులూ చూడవచ్చు. మనవాళ్లు అక్కడ గుర్రం కొనేటప్పుడు చెవులు చూస్తారు, రంగు చూస్తారు, సుడులు చూస్తారు. గొంతు మీద దేవమణి అనే సుడి ఉందంటే ధర పెరుగుతుంది. పళ్లు పట్టి వయసు లెక్కపెడతారు. కాలు ఎత్తి గిట్ట అడుగు చూసేవాళ్లు మాత్రం చాలా తక్కువ. కొన్నాక అక్కడే కూర్చున్న ఎవరో ఒకరితో కొత్త లాడాలు కొట్టించుకుని, పసుపు కుంకుమ పెట్టి ఇంటికి తోలుకొస్తారు.

జాతరలో కొట్టించవద్దని నేను గట్టిగా చెబుతాను. అక్కడి వాళ్లందరూ చెడ్డవాళ్లని కాదు. ఆ మనిషి మళ్లీ మీ గుర్రాన్ని చూడడు. తన పని ఆరు వారాల తర్వాత ఎలా ఉందో చూడాల్సిన అవసరం లేనివాడు, ఆ క్షణానికి అందంగా కనిపించే పని చేస్తాడు. బిలోలిలో మా బంధువొకరు అలా ఒక జాతరలో కొట్టించారు. చేతిలో ఉన్న లాడం చిన్నది, గిట్ట పెద్దది. ఆ నాల్బంద్ లాడం మార్చలేదు. గిట్ట ముందు భాగాన్ని ఆకురాయితో చెక్కి లాడానికి సరిపెట్టాడు, పైన నల్లరంగు నూనె పూశాడు. ఫొటోలో అద్భుతంగా ఉంది. ఎండాకాలం వచ్చేసరికి పలచబడిన గోడ మేకుల దగ్గర చీలి, లాడం సగం గోడను పట్టుకుని ఊడిపోయింది. దర్జీ చొక్కా చిన్నదైందని మనిషి భుజం చెక్కడు కదా.

కాబట్టి కొత్త మనిషి దగ్గరికి వెళ్లినప్పుడు మొదట చూడాల్సింది ఆయన సంచిలో రకరకాల కొలతల లాడాలు, వాటిని వంచడానికి ఒక దాగలి ఉన్నాయా అనేది. ముందు గిట్టలు గుండ్రంగా ఉంటాయి, వెనకవి కొంచెం మొనదేలి ఉంటాయి. గుర్రం బరువులో సగం కంటే ఎక్కువ మోసేవి ముందు కాళ్లే. నాలుగు కాళ్లకూ ఒకే ఆకారం లాడాలు తెచ్చినవాడు ఇంకా కాలు ఎత్తకముందే తన సంగతి చెప్పేసినట్టు. రెండోసారి వచ్చినప్పుడు, తీసిన పాత లాడాన్ని ఏం చేస్తాడో గమనించండి. మంచి నాల్బంద్ దాన్ని తిప్పి చూస్తాడు. ఒక అంచు ఎక్కువ అరిగిందంటే గుర్రం ఆ వైపు ముందు దిగుతోంది. కిందటిసారి తను సమం చేయడంలో లోపముందో, కాలి నిర్మాణమే అలాంటిదో ఆలోచిస్తాడు. చూడకుండా మూలకు విసిరేసేవాడు తన పనిని తనే పరీక్షించుకోవడం లేదు. వాడి పనిని మనమెలా నమ్ముతాం?

అడుగు భాగం మీద కత్తి ఎంత ఆడుతుందో కూడా చూడండి. అడుగునూ ముక్కోణాన్నీ తెల్లగా, చూడ్డానికి శుభ్రంగా వచ్చేదాకా చెక్కేవాళ్లున్నారు. యజమాని మెచ్చుకుంటాడని చెక్కుతారు, మనం మెచ్చుకుంటాం కూడా. ఆ పొర గుర్రానికి చెప్పు లాంటిది కాదు, చర్మం లాంటిదీ కాదు, కింది నుంచి లోపలి ఎముకను కాపాడే గట్టి కప్పు అది. ఊడిపోతున్న పెళుసు తీస్తే చాలు.

ఇంగ్లండ్‌లో 1975లో చట్టం చేసి, నమోదైనవాళ్లు, పశువైద్యుల్లాంటి కొందరు తప్ప ఇంకెవరూ గుర్రానికి లాడం కొట్టకూడదన్నారు. ఏళ్ల తరబడి ఒక గురువు దగ్గర పని నేర్చుకుని పరీక్ష నెగ్గితేనే ఆ నమోదు. మన దేశంలో పశువైద్యులకు 1984 చట్టం కింద నమోదు ఉంది, నాల్బంద్‌కు లేదు. సైన్యంలో మాత్రం రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ మీరట్‌లో ఈ పనికి శిక్షణ ఇస్తుంది. 1934లో కైరోలో డొరొతీ బ్రూక్ మొదలుపెట్టిన సంస్థ మన దేశ శాఖ కూడా పనిచేసే గుర్రాలు, గాడిదల కోసం స్థానిక నాల్బంద్‌లకు నేర్పుతుంది. సైన్యంలో చేసి వచ్చినవాళ్లు, అలా నేర్చుకున్నవాళ్లు ఎక్కడైనా తగిలితే వదలకండి. నాందేడ్ గురుద్వారాలో సిక్కుల గురువు గోవింద్ సింగ్ పేర ఉన్న గుర్రాల కోసం ప్రత్యేకంగా శాల నడుస్తోంది. దసరాకూ, హోలీ రోజుల్లో వచ్చే సిక్కుల పండుగ హోలా మొహల్లాకూ ఆ గుర్రాలు ఊరేగింపులో కదులుతాయి. అలాంటి శాలల్లో రోజూ గుర్రాలతో గడిపేవాళ్లను అడిగితే, ఏ నాల్బంద్ పని నిలబడుతుందో ఫోనులో వీడియోల కంటే బాగా చెబుతారు.

అయితే మంచి నాల్బంద్‌ను వెతకడం ఒక్కటే కాదు, మంచివాడిగా ఉండనివ్వడం కూడా యజమాని చేతిలోనే ఉంది. ఇక్కడే నాకు మనవాళ్ల మీద అసలు ఫిర్యాదు. మనం కాలి లెక్కన డబ్బు ఇస్తాం. నాలుగు లాడాలు కొడితే నాలుగింటికి, రెండు కొడితే రెండింటికి, ఒక్కటీ కొట్టకపోతే చాయ్ ఇచ్చి పంపిస్తాం. ఇరవై ముప్పై కిలోమీటర్లు మోటారు సైకిలు మీద సంచి మోసుకుని వచ్చిన మనిషి "ఇవాళ వద్దు" అంటే పెట్రోలు ఖర్చుతో ఖాళీ చేతుల్తో వెనక్కి పోవాలి. ఇంట్లో పిల్లల ఫీజులు కట్టాల్సిన మనిషి ఎన్నిసార్లు అలా వెళ్లగలడు? నిజం చెప్పినందుకు జరిమానా వేసి, అబద్ధం ఆడినందుకు కూలి ఇస్తూ, మళ్లీ నమ్మకస్తులు దొరకడం లేదంటాం. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత చెప్పుకుంటూ వేల రూపాయల దాణా పోసేవాళ్లం, కాలు చూసే కంటికి మాత్రం ఏమీ ఇవ్వం.

దెగ్లూర్ పెళ్లి పోయిన తర్వాత మా ఇంట్లో ఈ లెక్క మార్చాం. ఇప్పుడు చాచాకు ఇచ్చేది రాకకు. వస్తే అంత ఇవ్వాలి, లాడాలు కొట్టినా కొట్టకపోయినా. లాడాలు, మేకుల ఖరీదు వేరుగా, తెచ్చిన ధరకే. లాడం కొట్టిన వారంలో గుర్రం కుంటితే ఆయన మళ్లీ వచ్చి చూడాలి, ఆ రాకకు పెట్రోలు మాది, కూలి ఉండదు. ఈ షరతు ఆయనే పెట్టాడు. పక్క ఊళ్లలో గుర్రాలున్న మరో రెండు ఇళ్లవాళ్లు కూడా ఇదే పద్ధతికి ఒప్పుకుని, ముగ్గురం ఒకే రోజు పిలుస్తాం కనుక ఆయన ప్రయాణమూ కలిసొస్తోంది. మా అన్నయ్య మొదట ఇది దండగ ఖర్చన్నాడు. కిందటి మాఘంలో ఆయనే గుర్రాన్ని సిమెంటు మీద నడిపించి, చాచా నోరు తెరవకముందే, "చాచా, ఎడమ ముందు కాలు ఒకసారి చూస్తారా, ఇవాళ కొట్టవచ్చా?" అని అడిగాడు. చాచా చూసి, కొట్టవచ్చన్నాడు.